అమెరికా ఉన్నత పాఠశాలల్లో తొలి అమెరికా చరిత్ర, ప్రభుత్వ బోధన

తొలి అమెరికా చరిత్ర, ప్రభుత్వ బోధన అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉన్నత పాఠశాలల్లో, అనగా 9 నుండి 12వ తరగతి వరకు, సాంఘిక శాస్త్రంలో భాగంగా నేర్పే పాఠ్య విభాగం. ఈ తరగతుల విద్యార్థుల వయస్సు సాధారణంగా 14 నుండి 18 సంవత్సరాల మధ్య ఉంటుంది. వలస రాజ్యాల స్థాపన, స్వాతంత్ర్య పోరాటం, రాజ్యాంగ రచన, గణతంత్రపు తొలి దశాబ్దాలు ఇందులోని చరిత్ర భాగం. సమాఖ్య ప్రభుత్వ నిర్మాణం, రాష్ట్రాల అధికారాలు, పౌరుల హక్కులు, న్యాయస్థానాల పాత్ర ఇందులోని ప్రభుత్వ భాగం.

అమెరికా రాజ్యాంగం 1787లో రచింపబడి, 1789 నుండి అమలులో ఉంది. ఇంతవరకు దానికి 27 సవరణలు మాత్రమే జరిగాయి. అందువలన 18వ శతాబ్దపు చరిత్ర అక్కడి విద్యార్థికి కేవలం గతం కాదు. ఓటు, భావ ప్రకటన, తుపాకీ కలిగి ఉండే హక్కు, అధ్యక్షుని అధికార పరిమితి వంటి నేటి వివాదాలన్నీ ఆ కాలపు పత్రాల అర్థంపైనే ఆధారపడి నడుస్తాయి. చరిత్ర, ప్రభుత్వం అనే రెండు విషయాలను జోడించి నేర్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ బోధనలో మొదటి నుండి ఒక చిక్కు ఉంది. మానవ సమానత్వాన్ని ప్రకటించిన తరమే బానిసత్వాన్ని కొనసాగించింది. ఈ రెండు సత్యాలను ఒకే తరగతి గదిలో ఎలా చెప్పాలి అన్న ప్రశ్న చుట్టూ పాఠ్య ప్రణాళికలు, పుస్తకాలు, చట్టాలు మారుతూ వచ్చాయి.

విద్యావ్యవస్థలో స్థానం

అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావన లేదు. సమాఖ్యకు అప్పగించని అధికారాలు రాష్ట్రాలకు, ప్రజలకు చెందుతాయని పదవ సవరణ చెబుతుంది. కావున విద్య రాష్ట్రాల విషయం. రాష్ట్రాలు తమ అధికారంలో కొంత భాగాన్ని స్థానిక పాఠశాల జిల్లాలకు బదిలీ చేశాయి. దేశంలో ఇటువంటి జిల్లాలు సుమారు 13,000 ఉన్నాయి. దేశమంతటికీ వర్తించే చరిత్ర పాఠ్య ప్రణాళిక లేదు. ఏమి బోధించాలో శాసించే అధికారం సమాఖ్య విద్యాశాఖకు లేకుండా చట్టాలు నిషేధించాయి.

ఈ కారణంగా రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తేడాలు ఎక్కువ. కొన్ని ఉదాహరణలు:

* కాలిఫోర్నియా: 1998లో ఆమోదించిన ప్రమాణాల ప్రకారం రాజ్యాంగ రచన, 19వ శతాబ్దం 8వ తరగతిలో వస్తాయి. 11వ తరగతిలో ప్రధానంగా 20వ శతాబ్దపు చరిత్ర, 12వ తరగతిలో ప్రభుత్వం ఉంటాయి.
* టెక్సస్: 1877 వరకు గల చరిత్రను 8వ తరగతిలోను, ఆ తరువాతి చరిత్రను ఉన్నత పాఠశాలలోను బోధించే పద్ధతి అక్కడ దీర్ఘకాలం కొనసాగింది.
* న్యూయార్క్: 11వ తరగతిలో అమెరికా చరిత్ర, ప్రభుత్వం కలిపి ఒకే పాఠ్యాంశంగా ఉంటాయి. దానికి రీజెంట్స్ అనే రాష్ట్ర పరీక్ష ఉంది. 12వ తరగతిలో ప్రభుత్వంలో పౌరుల భాగస్వామ్యం గురించి అర్ధ సంవత్సరపు పాఠ్యాంశం ఉంటుంది.
* న్యూజెర్సీ: ఉన్నత పాఠశాలలో రెండు సంవత్సరాల పాటు అమెరికా చరిత్ర చదవాలని రాష్ట్ర చట్టం నిర్దేశిస్తుంది.

మొదటి రెండు ఉదాహరణలలో ఒక ముఖ్య లోపం కనిపిస్తుంది. విద్యార్థి రాజ్యాంగ రచన చరిత్రను 13 ఏళ్ళ వయస్సులో చదువుతాడు. ఆ రాజ్యాంగం ఏర్పరచిన ప్రభుత్వం గురించి 17 ఏళ్ళ వయస్సులో చదువుతాడు. నడుమ నాలుగేళ్ళు గడుస్తాయి. సెనేటులో చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ సమానంగా ఇద్దరేసి సభ్యులు ఎందుకున్నారో 12వ తరగతి విద్యార్థికి అర్థం కావాలంటే, 1787లో జరిగిన బేరసారాలు గుర్తుండాలి. అందువలన ప్రభుత్వం బోధించే ఉపాధ్యాయులు సాధారణంగా తమ పాఠాన్ని ఆ చరిత్ర పునశ్చరణతోనే మొదలుపెట్టవలసి వస్తుంది.

బోధన చరిత్ర

తొలి ప్రయత్నాలు

స్వపరిపాలనకు చదువుకున్న పౌరులు అవసరమన్న భావన దేశ స్థాపకులలోనే ఉంది. 1779లో థామస్ జెఫర్సన్ వర్జీనియా శాసనసభకు ఒక విద్యా బిల్లును ప్రతిపాదించాడు. గత చరిత్ర తెలిసిన ప్రజలు నిరంకుశత్వాన్ని తొలిదశలోనే గుర్తించగలరన్నది దాని ఆశయం. ఆ బిల్లు ఆ రూపంలో ఆమోదం పొందలేదు. 1821లో బోస్టన్‌లో దేశపు మొదటి ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రారంభమయింది. 1827లో మాసచూసెట్స్ రాష్ట్రం 500 కుటుంబాలున్న ప్రతి పట్టణంలో ఉన్నత పాఠశాల ఉండాలని చట్టం చేసి, అక్కడ నేర్పవలసిన విషయాలలో అమెరికా చరిత్రను చేర్చింది.

పాఠ్యాంశంగా రూపుదిద్దుకోవడం

1892లో జాతీయ విద్యా సంఘం పదిమంది సభ్యుల సంఘాన్ని నియమించింది. దీనికి హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఛార్లెస్ ఎలియట్ అధ్యక్షత వహించాడు. చరిత్ర, పౌర ప్రభుత్వ విషయాలను పరిశీలించిన ఉపసంఘంలో తరువాతి కాలంలో దేశాధ్యక్షుడైన వుడ్రో విల్సన్ ఒక సభ్యుడు. 1899లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ నియమించిన ఏడుగురి సంఘం నాలుగేళ్ళ క్రమాన్ని సూచించింది. ప్రాచీన చరిత్ర, మధ్యయుగ ఐరోపా, ఇంగ్లండు చరిత్రల తరువాత చివరి సంవత్సరం అమెరికా చరిత్ర, పౌర ప్రభుత్వం చదవాలి. ఈ రెండింటినీ ఒకే పాఠ్యాంశంగా జతచేసిన సంప్రదాయానికి ఇది బలం చేకూర్చింది.

1916లో వెలువడిన మరొక నివేదిక సాంఘిక శాస్త్రం అన్న పేరును స్థిరపరచింది. 12వ తరగతికి ప్రజాస్వామ్య సమస్యలు అనే పాఠ్యాంశాన్ని అది సూచించింది. ఆ కాలంలో లక్షలాది వలస కుటుంబాల పిల్లలు పాఠశాలల్లో చేరుతున్నారు. వారిని పౌరులుగా తీర్చిదిద్దడం ఈ మార్పు వెనుక గల ఉద్దేశాలలో ఒకటి.

పాఠ్యపుస్తకాల పోరాటాలు

1894లో స్థాపించబడిన యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే సంస్థ దక్షిణాది రాష్ట్రాల పుస్తకాలలో బానిసత్వాన్ని మృదువుగా చూపించాలని ఒత్తిడి తెచ్చింది. దీనికి ప్రతిగా కార్టర్ వుడ్సన్ 1926లో నల్లజాతి చరిత్ర వారాన్ని ప్రారంభించాడు. డు బోయిస్ 1935లో ప్రచురించిన పునర్నిర్మాణ కాల చరిత్ర గ్రంథపు చివరి అధ్యాయంలో పాఠ్యపుస్తకాల అసత్యాలను ఎత్తి చూపాడు. 1930లలో బహుళ ప్రచారం పొందిన హెరాల్డ్ రగ్ పుస్తకాలు దేశ స్థాపకులను, ఆర్థిక వ్యవస్థను విమర్శిస్తున్నాయన్న ఆరోపణతో 1940ల ఆరంభంలో అనేక జిల్లాల నుండి తొలగించబడ్డాయి.

1960లలో కొత్త సాంఘిక శాస్త్రం అనే ఉద్యమం వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో ప్రచురించిన గ్రంథం దీనికి ప్రేరణ. విద్యార్థి చరిత్రను కంఠస్థం చేయడం కాక, చరిత్రకారుని వలె ఆధారాలను పరిశీలించాలన్నది ఈ ఉద్యమపు మూలసూత్రం. ఉద్యమం 1970లలో తగ్గిపోయినా దాని పద్ధతులు నిలిచాయి.

ప్రధాన పాఠ్యాంశాలు

వలస రాజ్యాల కాలం

1607లో జేమ్స్‌టౌన్ స్థాపన, 1620 నాటి మేఫ్లవర్ ఒప్పందం ఈ భాగంలో వస్తాయి. ఉపాధ్యాయులు ప్రత్యేకంగా నిలిపి చెప్పే సంవత్సరం 1619. ఆ ఏడాది జూలైలో వర్జీనియాలో ఎన్నికైన ప్రతినిధుల సభ మొదటిసారి సమావేశమయింది. ఆగస్టులో బంధించి తెచ్చిన ఆఫ్రికన్లు అదే వలసకు చేరారు. ప్రాతినిధ్య ప్రభుత్వం, బానిసత్వం కొన్ని వారాల వ్యవధిలో ఒకే నేలపై మొదలయ్యాయి. ఆదివాసుల రాజ్యవ్యవస్థలు కూడా పాఠంలో భాగమే. ఇరొక్వాయ్ సమాఖ్య అమెరికా రాజ్యాంగంపై ఎంతవరకు ప్రభావం చూపిందన్న విషయంపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.

స్వాతంత్ర్య పోరాటం

1754 నుండి 1763 వరకు జరిగిన ఫ్రెంచి యుద్ధం, దాని అప్పులు తీర్చడానికి బ్రిటన్ విధించిన పన్నులు, 1765 నాటి స్టాంపు చట్టం, 1773 డిసెంబరు 16న బోస్టన్ ఓడరేవులో తేయాకు పారబోత, 1775లో యుద్ధారంభం, 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం ఈ క్రమంలో చెప్పబడతాయి. స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాలో జెఫర్సన్ బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ ఒక భాగం వ్రాశాడు. కాంగ్రెసు దానిని తొలగించింది. అదే జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా కలిగి ఉన్నాడు. విద్యార్థులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చర్చించాలని నేటి పాఠ్య ప్రణాళికలు అనేకం కోరుతున్నాయి.

రాజ్యాంగ రచన

1781లో అమలులోకి వచ్చిన సమాఖ్య అధికరణాల ప్రకారం కేంద్రానికి పన్ను విధించే అధికారం లేదు. 1786-87లో మాసచూసెట్స్ రైతులు అప్పుల భారంతో చేసిన షేస్ తిరుగుబాటు ఆ బలహీనతను బయటపెట్టింది. 1787 మే 25 నుండి సెప్టెంబరు 17 వరకు ఫిలడెల్ఫియాలో జరిగిన సదస్సుకు 12 రాష్ట్రాల నుండి 55 మంది ప్రతినిధులు వచ్చారు. రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. చివరకు 39 మంది సంతకం చేశారు.

సదస్సులో కుదిరిన రాజీలు ఈ పాఠానికి ప్రాణం వంటివి.

* పెద్ద రాష్ట్రాలు జనాభా ప్రాతిపదికన, చిన్న రాష్ట్రాలు సమాన ప్రాతినిధ్యాన్ని కోరాయి. దిగువ సభ జనాభా ప్రకారం, సెనేటు సమానత్వం ప్రకారం ఏర్పడేలా రాజీ కుదిరింది.
* ప్రాతినిధ్యం లెక్కించేటప్పుడు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు కలిపారు. దీనివల్ల ఓటు లేని మనుషుల పేరిట వారి యజమానుల రాష్ట్రాలకు అదనపు స్థానాలు లభించాయి.
* విదేశాల నుండి బానిసల దిగుమతిని 1808కి ముందు కాంగ్రెసు నిషేధించకూడదని నిర్ణయించారు.

మూల రాజ్యాంగంలో బానిస అన్న పదం ఎక్కడా లేదు. ఆ విషయాన్ని పరోక్షమైన మాటలతో చెప్పారు. విద్యార్థుల చేత ఆ వాక్యాలను వెదికించి, పేరు పెట్టకపోవడానికి కారణం ఏమై ఉంటుందని అడగడం తరగతిలో తరచుగా జరిగే అభ్యాసం.

1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ ఆమోదంతో కావలసిన తొమ్మిది రాష్ట్రాల సంఖ్య పూర్తయింది. ఆమోదానికి అనుకూలంగా హామిల్టన్, మాడిసన్, జే కలిసి 85 ఫెడరలిస్టు వ్యాసాలు వ్రాశారు. బ్రూటస్ వంటి మారుపేర్లతో వ్యతిరేకులు సమాధానమిచ్చారు. హక్కుల జాబితా లేదన్న వ్యతిరేకుల విమర్శ ఫలితంగా 1791 డిసెంబరు 15న మొదటి పది సవరణలు అమలులోకి వచ్చాయి. రాజ్యాంగాన్ని వ్యతిరేకించినవారు ఓడిపోయినా, విద్యార్థి నేడు అనుభవిస్తున్న హక్కుల పత్రం వారి పట్టుదల ఫలమే.

తొలి గణతంత్రం

1803 నాటి మార్బరీ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ న్యాయ సమీక్ష అధికారాన్ని స్థిరపరచాడు. 1819 నాటి మెక్‌కల్లాక్ కేసు సమాఖ్య అధికారాన్ని విస్తరించింది. 1832లో వూస్టర్ కేసులో చెరోకీల భూభాగంలో జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా 1838లో చెరోకీలు బలవంతంగా తరలించబడ్డారు. తీర్పు చెప్పడం ఒకటి, దానిని అమలు చేయడం మరొకటి అని బోధించడానికి ఈ ఉదంతం ఉపయోగపడుతుంది.

ప్రభుత్వ నిర్మాణం

అధికారాల విభజన, ఒక శాఖను మరొక శాఖ అదుపు చేసే ఏర్పాటు, సమాఖ్య విధానం ఇందులోని మూల భావనలు. దిగువ సభలో 435 మంది సభ్యులు రెండేళ్ళకు, సెనేటులో 100 మంది ఆరేళ్ళకు ఎన్నికవుతారు. అధ్యక్షుని పదవీకాలం నాలుగేళ్ళు. అధ్యక్షుని ఎన్నుకునే ఎలక్టర్లు 538 మంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సంఖ్య తొమ్మిది. ఈ చివరి సంఖ్య రాజ్యాంగంలో లేదు. 1869 నుండి చట్టం ద్వారా కొనసాగుతున్నది.

బోధనా పద్ధతులు

మూల పత్రాల పరిశీలన

1770 మార్చి 5 నాటి బోస్టన్ కాల్పులు ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ ఘటనలో క్రిస్పస్ అట్టక్స్‌తో సహా ఐదుగురు మరణించారు. పాల్ రివీర్ ముద్రించిన చిత్రంలో బ్రిటిషు సైనికులు వరుసగా నిలబడి, నాయకుని ఆజ్ఞపై నిరాయుధులను కాల్చుతున్నట్లు ఉంటుంది. న్యాయస్థానంలో సాక్షులు చెప్పినది వేరు. గుంపు మంచుగడ్డలు, కర్రలు విసిరిందని కొందరు చెప్పారు. సైనికుల తరఫున వాదించినవాడు తరువాత దేశాధ్యక్షుడైన జాన్ ఆడమ్స్. నాయకుడు, ఆరుగురు సైనికులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇద్దరికి హత్య కన్నా తక్కువ నేరం క్రింద శిక్ష పడింది. విద్యార్థులు చిత్రాన్ని, సాక్ష్యాలను పోల్చి, చిత్రం ఎవరి కోసం, ఎందుకు తయారయిందో నిర్ణయించాలి.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో మొదటి తుపాకీ ఎవరు పేల్చారన్నది ఇటువంటి మరొక అభ్యాసం. విద్యా పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన పరిశోధనలో ఈ సంఘటనకు చెందిన పత్రాలను చరిత్రకారులకు, ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఇచ్చి చదివించాడు. చరిత్రకారులు ముందుగా పత్రం వ్రాసినవారు ఎవరని చూశారు. విద్యార్థులు ఎక్కువగా మొదటి వాక్యం నుండి చివరి వాక్యం వరకు చదివి సమాచారాన్ని సేకరించారు. తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పాఠాలు ఈ తేడాను దృష్టిలో పెట్టుకొని నాలుగు అలవాట్లను నేర్పుతాయి. అవి పత్ర కర్తను గుర్తించడం, కాల సందర్భంలో ఉంచి చూడడం, ఇతర ఆధారాలతో సరిపోల్చడం, పదాలను నిశితంగా చదవడం.

అభినయ పద్ధతులు

విద్యార్థులు 1787 సదస్సులోని ప్రతినిధులుగా పాత్రలు ధరించి వాదించడం, శాసనసభ సమావేశాన్ని అనుకరించడం, నమూనా న్యాయస్థానం నిర్వహించడం ఈ కోవలోనివి. 1987లో రాజ్యాంగపు 200వ వార్షికోత్సవ సమయంలో ప్రారంభమైన వి ద పీపుల్ కార్యక్రమంలో విద్యార్థులు శాసనసభా సంఘం ముందు సాక్ష్యమిచ్చే నిపుణుల వలె ప్రశ్నలకు సమాధానమిస్తారు. బానిసత్వం విషయంలో మాత్రం పాత్రల అభినయం విద్యార్థులను అవమానపరచే ప్రమాదం ఉన్నందున, దానిని మానుకొని పత్రాల ద్వారా బోధించాలని విద్యావేత్తలు సూచిస్తారు.

తీర్పుల అధ్యయనం

విద్యార్థుల స్వంత హక్కులకు సంబంధించిన కేసులు వారిలో ఆసక్తిని పెంచుతాయి. జెండా వందనం చేయాలని విద్యార్థిని నిర్బంధించకూడదని 1943లో బార్నెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు ధరించిన విద్యార్థుల పక్షాన 1969లో టింకర్ కేసులో 7-2 ఆధిక్యతతో తీర్పు వచ్చింది.

పౌర కార్యాచరణ

2018లో మాసచూసెట్స్ చేసిన చట్టం ప్రకారం విద్యార్థులు స్వయంగా ఒక స్థానిక సమస్యను ఎన్నుకొని పౌర ప్రాజెక్టు చేసే అవకాశం పాఠశాలలు కల్పించాలి. మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 2009లో ఐసివిక్స్ అనే సంస్థను స్థాపించి, కంప్యూటర్ ఆటల ద్వారా ప్రభుత్వ పాఠాలను అందుబాటులోకి తెచ్చింది.

పరీక్షలు, ఫలితాలు

ఉన్నత పాఠశాలలోనే కళాశాల స్థాయి చదువుకు అవకాశమిచ్చే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు 1956లో ప్రారంభమయ్యాయి. అమెరికా చరిత్ర మొదటి నుండి వాటిలో ఉంది. 1973లో ప్రవేశపెట్టిన పత్రాధారిత ప్రశ్నలో విద్యార్థి కొన్ని మూల పత్రాలను చదివి వాటి ఆధారంగా వాదన వ్రాయాలి. అమెరికా ప్రభుత్వం, రాజకీయాలు అనే పరీక్ష 1987లో మొదలైంది. 2018లో సవరించిన దాని ప్రణాళికలో తొమ్మిది పత్రాలు తప్పనిసరి అయ్యాయి. అవి:

* స్వాతంత్ర్య ప్రకటన
* సమాఖ్య అధికరణాలు
* రాజ్యాంగం
* ఫెడరలిస్టు వ్యాసాలలో 10, 51, 70, 78 సంఖ్యలు గలవి
* బ్రూటస్ మొదటి వ్యాసం
* మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ చెరసాల నుండి వ్రాసిన లేఖ

చివరి పత్రం మినహా మిగిలినవన్నీ 18వ శతాబ్దానికి చెందినవి. రాజ్యాంగ వాగ్దానం ఎవరికి దక్కలేదో ఆ చివరి పత్రం గుర్తు చేస్తుంది.

దేశవ్యాప్తంగా నమూనా విద్యార్థులపై జరిపే జాతీయ విద్యా ప్రగతి మదింపు ఫలితాలు నిరాశాజనకంగా ఉన్నాయి. 2010లో 12వ తరగతి విద్యార్థులలో ప్రావీణ్య స్థాయిని లేదా అంతకు మించి అందుకున్నవారు అమెరికా చరిత్రలో 12 శాతం, పౌరశాస్త్రంలో 24 శాతం. 2022లో 8వ తరగతి విద్యార్థులలో ఇది చరిత్రలో 13 శాతం, పౌరశాస్త్రంలో 22 శాతం. ప్రావీణ్య స్థాయి అనేది ఉత్తీర్ణతకు సమానం కాదు, అంతకంటే ఎక్కువ అని గమనించాలి.

2004లో చేసిన సమాఖ్య చట్టం ప్రకారం సమాఖ్య నిధులు పొందే విద్యాసంస్థలు ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17న రాజ్యాంగ దినోత్సవ పాఠం నిర్వహించాలి. 2015లో అరిజోనా రాష్ట్రం, పౌరసత్వ పరీక్షలోని 100 ప్రశ్నలలో 60కి సరైన సమాధానం ఇస్తేనే ఉన్నత పాఠశాల పట్టా ఇవ్వాలని చట్టం చేసింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఇటువంటి చట్టాలను అనుసరించాయి. ఇది కనీస జ్ఞానానికి హామీ అని సమర్థకులు అంటారు. జవాబులు ముందే తెలిసిన ప్రశ్నలు కంఠస్థాన్ని పెంచుతాయే గాని ఆలోచనను కాదని విమర్శకులు అంటారు.

వివాదాలు

జాతీయ ప్రమాణాలు

1990లలో సమాఖ్య నిధులతో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాతీయ చరిత్ర ప్రమాణాలు తయారయ్యాయి. 1994 అక్టోబరులో అవి వెలువడక ముందే, అంతకు పూర్వం నిధులు మంజూరు చేసిన సంస్థకు అధిపతిగా ఉన్న లిన్ చేనీ వాటిని తీవ్రంగా విమర్శించింది. దేశ స్థాపకులకు ప్రాధాన్యత తగ్గి, దేశపు తప్పులకు ప్రాధాన్యత పెరిగిందన్నది ఆమె వాదన. 1995 జనవరిలో సెనేటు 99-1 ఓట్లతో ఆ ప్రమాణాలను నిరసించింది. 1996లో సవరించిన ప్రతి వెలువడింది. 2014లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ చరిత్ర ప్రణాళికపై ఇదే విధమైన వివాదం చెలరేగి, 2015లో దానిని కూడా సవరించారు.

1619, 1776

2019 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1619 ప్రాజెక్టు పేరుతో వ్యాసాలు ప్రచురించింది. దీని రూపకర్త నికోల్ హానా-జోన్స్. బానిసత్వాన్ని అమెరికా చరిత్రకు కేంద్రంగా చూడాలన్నది దాని ప్రతిపాదన. బానిసత్వ రక్షణ స్వాతంత్ర్య పోరాటానికి ఒక ముఖ్య కారణమన్న వాక్యాన్ని గార్డన్ వుడ్, షాన్ విలెంట్జ్ తదితర చరిత్రకారులు తప్పుపట్టారు. 2020 మార్చిలో పత్రిక ఆ వాక్యాన్ని, కొందరు వలసవాసులకు మాత్రమే వర్తించేలా మార్చింది. 2020లో అధ్యక్షుడు ట్రంప్ 1776 కమిషన్‌ను ఏర్పాటు చేశాడు. అది 2021 జనవరి 18న నివేదిక ఇచ్చింది. రెండు రోజుల తరువాత అధ్యక్షుడు బైడెన్ దానిని రద్దు చేశాడు. 2025 జనవరిలో ట్రంప్ దానిని పునరుద్ధరిస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. 2021 నుండి టెక్సస్ మొదలైన రాష్ట్రాలు జాతి వివక్షకు సంబంధించిన బోధనపై పరిమితులు విధిస్తూ చట్టాలు చేశాయి.

ఇరుపక్షాలకూ ఒక విషయంలో భేదం లేదు. స్థాపక కాలాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారో, దేశాన్ని అలాగే నడుపుతారని ఇద్దరూ నమ్ముతారు. తరగతి గదిలో ఉపాధ్యాయునికి మాత్రం గంట సేపటి పాఠంలో ఈ వాదాలలో ఒకదానిని ఎన్నుకోవడం కన్నా, రెండు పక్షాల ఆధారాలనూ విద్యార్థి ముందుంచి తీర్పు చెప్పమనడం మేలైన మార్గమని మూల పత్రాల పద్ధతిని సమర్థించేవారు భావిస్తారు.

భారతదేశంతో, తెలుగువారితో సంబంధం

బోస్టన్ ఓడరేవులో పారబోసిన తేయాకు ఈస్టిండియా కంపెనీది. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన బ్రిటిషు సేనాని కారన్‌వాలిస్ 1786లో భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో అతడు బెంగాలులో ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుండి ఉత్తర సర్కారు జిల్లాలకు కూడా విస్తరించి, తెలుగునాట జమీందారీ వ్యవస్థను స్థిరపరచింది.

భారత రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు, న్యాయ సమీక్ష వంటి అంశాలపై అమెరికా రాజ్యాంగ ప్రభావం ఉంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు 1947లో అమెరికా వెళ్ళి అక్కడి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌తో చర్చించాడు. 1986లో జాతీయ గీతం పాడని కేరళ విద్యార్థుల కేసులో భారత సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి తెలుగువాడు. అమెరికా విద్యార్థులు చదివే బార్నెట్ కేసును ఆయన తన తీర్పులో ప్రస్తావించాడు.

న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ పాఠాలనే చదువుతున్నారు. వారి తల్లిదండ్రులు పౌరసత్వం పొందడానికి ఇవే విషయాలపై మౌఖిక పరీక్షకు హాజరవుతారు. 2008 నాటి పరీక్షలో 100 ప్రశ్నల జాబితా నుండి పదింటి వరకు అడిగి, ఆరింటికి సరైన సమాధానం కోరేవారు. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుండి 20 వరకు అడుగుతారు. వాటిలో 12 సరిగా చెప్పాలి.

ఇవి కూడా చూడండి

* అమెరికా సంయుక్త రాష్ట్రాలు
* అమెరికా స్వాతంత్ర్య ప్రకటన
* అమెరికా రాజ్యాంగం
* థామస్ జెఫర్సన్
* జేమ్స్ మాడిసన్
* కారన్‌వాలిస్
* భారత రాజ్యాంగం
* ప్రాథమిక హక్కులు